ఊఁ అన్న పాపానికి

మార్చి 3

అక్కా,

ఫోన్ చేయకుండా కాగితం పంపాడేమిటని కంగారు పడకు. నాకేం కాలేదు. ఒళ్లు మండి రాస్తున్నాను.

నిన్న భోజనాలవేళ నా ఫోన్‌కి ఒక మెసేజి వచ్చింది. "మాటల సేకరణలో పాలుపంచుకున్నందుకు కృతజ్ఞతలు. మీ అక్కగారితో మీరు జరిపిన పన్నెండు సంభాషణలు కొనుగోలు అయ్యాయి" అని ఉంది. నాకు బుర్ర తిరిగిపోయింది. మా ఫ్యాక్టరీలో అట్టపెట్టెలకి గమ్ము కలిపే ఆయన పక్కనే కూర్చుని తింటున్నాడు. ఆయనకి చూపించాను. ఆయన చదివి ఏదో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ గొల్లుమన్నారు. ఏమన్నాడో నీకు రాయను.

ఏమిటక్కా ఇది? ఆదివారం పొద్దున పదింటికి నువ్వు ఫోన్ చేస్తావు, నేను ఎత్తుతాను. వారం మొత్తానికి నాకున్నది అదొక్కటే. బావ పోయాక నీకూ అంతే. నాకు పెళ్లీ పెటాకులూ లేవు, నీకు పిల్లాజెల్లా లేరు. ఉన్న ఇద్దరం మాట్లాడుకునే ఆ కాసేపటినీ తీసుకెళ్లి ఎవడికో అమ్మావా? నేనెప్పుడు ఒప్పుకున్నాను? నన్ను ఎవరడిగారు?

వాళ్ల దగ్గర నువ్వు తెరిచిన ఆ ఖాతా మూసేసేదాకా నేను ఫోన్ ఎత్తను. మెసేజి పెట్టినా చూడను, అదీ వాళ్ల చేతుల మీదుగా రావాల్సిందే కదా. చెప్పాలనుకున్నది కాగితం మీద రాయి. పోస్టుమనిషి దాన్ని విప్పి అమ్ముకోడు.

కోపంతో,
నీ తమ్ముడు

*

మార్చి 9

ఒరేయ్ వాగుడుకాయా,

ఆ పేరు పెట్టి పిలిస్తే నీ కోపం దిగుతుందేమోనని పిలిచాను. నిజం చెప్పాలంటే ఆ పేరు ఇప్పుడు నీకు నప్పదు. చిన్నప్పుడు నీ నోరు మూయించడానికి చెంచాడు చక్కెర పోసేవాళ్లం. ఇప్పుడు అదే నోరు తెరిపించడానికి ఏం పోయాలో నాకు పాలుపోవడం లేదు.

సరే, నీ ప్రశ్నలకి జవాబు. మనం ఇదివరకు మాట్లాడుకున్న ఆ ఉచితం ఫోన్ యాప్ సంగతి ముందు విను. ఏడాది పాటు అది తెరిస్తే చాలు, చెవి మిషన్ ప్రకటన. తెల్లజుట్టు ఆవిడ ఒకావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కింద "మీవాళ్ల మాట మళ్లీ వినండి" అని రాసి ఉంటుంది. నీతో మాట్లాడి ఫోన్ పెట్టగానే ఆవిడే. నాకేమైనా చెవుడా? కొట్లో నాలుగు ఇస్త్రీపెట్టెలు ఉంటే ఏది సరిగ్గా కాగలేదో చప్పుడుబట్టి చెప్పగలను. కుట్టుమిషన్‌లో సూది మొద్దుబారితే మొదటి అంగుళంలోనే నా చెవికి తెలుస్తుంది. అలాంటిదాన్ని పట్టుకుని, వయసు మళ్లిందని చెప్పి, చెవిటిదాని కింద జమకట్టేశాడు వాడు. ఎంత తిట్టానో!

మా ఇస్త్రీ ఆయన, అదే, నాకు కొట్టు వెనక గదిలో మిషన్ పెట్టుకోనిచ్చిన యజమాని, అప్పుడు చెప్పాడు. "మీ మాటలూ మీ సంగతులూ పట్టుకెళ్లి ప్రకటనల వాళ్లకి అమ్ముకునే ఆ ఉచితం వాళ్లు బతుకుతున్నారమ్మా. మీకు మాత్రం ఏం ఇస్తున్నారు, ఆ బొమ్మ తప్ప? వేరే కంపెనీ ఒకటుంది. వాళ్లు ప్రకటనలు వెయ్యరు. మాటకి ఇంతని మనకే ఇస్తారు. యంత్రాలకి మాట్లాడటం నేర్పడానికి కొంటారట." ఎలాగూ పుణ్యానికి పోతున్నదే కదా అనుకున్నాను. వాడు అమ్ముకుంటే లేని తప్పు నేను అమ్ముకుంటే వచ్చిందా?

ఇక నువ్వు ఒప్పుకోలేదన్న మాట. ఒప్పుకున్నావు నాయనా! వాళ్లు నీకు ఫోన్ చేసి అడిగారు. నాకు వినిపించారు కూడా. "మీ మాటలు తీసుకోవడం మీకు సమ్మతమేనా?" అని ఆ అమ్మాయి అడిగింది. "ఊఁ" అన్నావు. "డబ్బు మీ అక్కగారికే వెళ్తుంది, సమ్మతమేనా?" అంటే "ఊఁ". "ఎప్పుడైనా మానుకోవచ్చు, అర్థమైందా?" అంటే "ఊఁ". చివర్లో "ఉంటానండీ" అని మర్యాద కూడా చేశావు. మూడుసార్లు ఊఁ అని ఇప్పుడు నన్నెవరడిగారంటే ఎలా?

డబ్బు కోసం చేశానని మీ గమ్ము ఆయన అనుకుంటే అనుకోనీ. నువ్వు అనుకోకు. వారానికి అరగంటకి తగ్గకుండా, ఇద్దరూ మాట్లాడాలని వాళ్ల షరతు. నీతో అంతకుముందు పది నిమిషాలు గడిస్తే గొప్ప. ఆ వంకతో నిన్ను ఇంకాసేపు పట్టుకోవచ్చని నాకు ఆశ పుట్టింది. అంతే. మిషన్ దగ్గరికి మాత్రం ఒక మంచి దీపం కొన్నాను. నల్ల గుడ్డ మీద నల్ల దారం ఇప్పుడు కనిపిస్తోంది.

కొట్టు సంగతి నీకు తెలిసిందే. నెలాఖరుకి ఖాళీ చేయాలి. మిషన్‌ని ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తేలలేదు. మా గది గుమ్మంలో అది పట్టదు.

ఆదివారం ఫోన్ మోగితే ఎత్తు.

నిన్ను అమ్ముకోని
అక్క

*

మార్చి 17

అక్కా,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కొట్టు ఖాళీ చేయడమేమిటి? ఎవరు చేయమన్నారు? ఇంత పెద్ద విషయం నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? ఇరవై ఏళ్లు ఆ గదిలో కూర్చుని జిప్పులు మార్చావు, ప్యాంట్ల అంచులు మడిచావు. ఆ మిషన్ ఎక్కడికి మోస్తావు? ఎవరితో మోయిస్తావు? వివరంగా రాయి.

ఆ మూడు ఊఁల సంగతి. అలవాటుగా అనేసి ఉంటాను. అప్పులిస్తామనేవాళ్లు, స్థలాలు అమ్మేవాళ్లు రోజూ పదిమంది ఫోన్ చేస్తారు. అందరికీ ఊఁ అని పెట్టేస్తాను.

ఉచితం వాడు మంచివాడని నేను అనడం లేదు. వాడు దొంగే. కానీ దొంగని తిట్టుకునే హక్కయినా మనకి మిగులుతుంది. డబ్బు పుచ్చుకున్నాక ఆ నోరూ ఉండదు. కొన్నవాడు ఆ మాటల్ని ఏం చేస్తాడో, ఎవరికి వినిపిస్తాడో నువ్వు అడగలేవు. యంత్రాలకి నేర్పుతారని నువ్వంటున్నావు. రేపు మా ఫ్యాక్టరీ వాళ్లు కొనుక్కోరని నమ్మకం ఏమిటి? నా మాటలు ఎవరైనా తీరిగ్గా కూర్చుని విన్నారంటే నాకు ఈ ఉద్యోగం ఉండదు. ఎందుకని అడగకు. బతిమాలుతున్నాను, ఆ ఖాతా మూసెయ్యి.

ఇక్కడ కొత్తగా ఒక భద్రత ఆఫీసర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు, చేతిలో ఎప్పుడూ రాసుకునే అట్ట, దాని మీద కాగితం. పెట్టెల అట్టని కోసే పంచ్ మిషన్ నాది అని నీకు తెలుసు కదా, పలక కిందికి దిగిందంటే చెయ్యయినా అట్టయినా దానికి ఒకటే. బెల్లు మోగిన రెండు సెకన్లలో మిషన్ ఆపాలని ఆయన పరీక్షలు పెడుతున్నాడు. మొన్న రెండుసార్లు నేను బాగానే ఆపాను. మూడోసారి గమ్ము ఆయన ఎదురుగా లేడు. సరే, ఆ గొడవ నీకెందుకు?

ఆదివారం పదింటికి ఫోన్ మోగింది. చూస్తూ కూర్చున్నాను. నీ పేరు వెలిగి, ఆరిపోయింది.

కొట్టు సంగతి మాత్రం తప్పక రాయి.

తమ్ముడు

*

మార్చి 26

తమ్ముడికి,

ఈసారి పేరు పెట్టి పిలవబుద్ధి కావడం లేదు.

నీ ఉద్యోగం పోయేంత మాట ఏమన్నావో అని నాకు భయం పట్టుకుంది. ఎవరినైనా తిట్టావేమో, ఎక్కడైనా సంతకం తప్పు పెట్టావేమో అని. ఆ పన్నెండు ఆదివారాల మాటలూ రాతలో పంపమని కంపెనీని అడిగాను. పంపారు. ఇస్త్రీ ఆయన అచ్చు తీసి ఇచ్చాడు. నలభై ఒక్క కాగితాలు. మిషన్ బల్ల మీద పరిచి, కొత్త దీపం వెలిగించుకుని చదివాను.

అన్నీ నా మాటలే. నీవి వెతుక్కోవాల్సి వచ్చింది.

కొట్టు సంగతి నీకు చెప్పలేదన్నావే. ఏడో కాగితంలో ఉంది. "కొట్టు ఎత్తేస్తున్నారు రా, భవనం వాళ్లు మార్చి నెలాఖరుకి పొమ్మన్నారు" అన్నాను. నువ్వు "ఊఁ" అన్నావు. పదిహేడో కాగితంలో మళ్లీ చెప్పాను. "ఊఁ, అలాగా" అన్నావు. ఇరవై మూడో కాగితంలో, "నిన్న స్నానాలగదిలో జారి పడ్డాను రా, కాసేపు లేవలేకపోయాను" అని ఉంది. దాని కింద నీ మాట, "మంచిది మంచిది."

అక్షరం పొల్లు పోకుండా రాశాను. మంచిది మంచిది!

ముప్పై ఐదో కాగితంలో, "కొట్టు పోయాక ఒక నెల నీ దగ్గరికి వచ్చి ఉండనా?" అని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. నువ్వు "ఊఁ, చూద్దాంలే, ఉంటానక్కా" అని ఫోన్ పెట్టేశావు. అప్పుడు పనిలో ఉన్నావనుకున్నాను. ఆదివారం నీకు పనెక్కడిది?

అప్పులవాళ్లకీ స్థలాలవాళ్లకీ ఊఁ అని పెట్టేస్తానని రాశావు. వాళ్లతో పాటు నాకూ అదే పెట్టావన్నమాట. నేను గంటసేపు గోడకి చెప్పుకున్నా ఇంత సిగ్గు వేసేది కాదు.

కాగితాలతో పాటు ఇంకో చీటీ వచ్చింది. "మీ సంభాషణల్లో రెండో వ్యక్తి నుంచి తగినన్ని మాటలు లేవు. ఊఁ, ఆఁ వంటి శబ్దాలు మాటలుగా లెక్కకు రావు. ఈ నెలతో కొనుగోలు నిలిపివేస్తున్నాం" అని. చూశావా చోద్యం! నువ్వు ఒప్పుకున్నావనడానికి అదే ఊఁ సరిపోయింది. డబ్బు దగ్గరికి వచ్చేసరికి అది మాట కాకుండా పోయింది. నేను మూయకముందే వాళ్లే మూసేశారు. నీ కోరిక తీరింది.

నాకున్న ఒక్క మనిషీ ఉన్నట్టు లెక్కలోకి రాడని ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి పంపారు. అది చదువుకుని ఆ పూట పని మానేసి కూర్చున్నాను. ఎవరూ ఏమైందని అడగలేదు. అడిగేవాళ్లు ఉంటే కదా.

ఇక రాయను. మిషన్‌ని ఇస్త్రీ ఆయన బండి మీద వేయించి మా గది దగ్గర దింపించాడు. వరండాలో పెట్టాను. నీకు తెలియజేయాలి కాబట్టి తెలియజేశాను.

అక్క

*

ఏప్రిల్ 12

అక్కా,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

నాకు వినపడదు.

అంతే సంగతి. రెండేళ్లు దాటింది. ఇరవై ఆరేళ్లు ఆ పంచ్ మిషన్ పక్కన నిలబడ్డాను కదా, అదే పట్టుకుపోయింది. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కాస్త మిగిలింది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెబితే పెదాలు చూసి పట్టుకుంటాను. ఫోన్‌లో పెదాలు కనబడవు. నీ గొంతు ఉందని మాత్రం తెలుస్తుంది, మాట తెలియదు. పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటుంటే గోడకి ఇవతల వినిపించినట్టు ఉంటుంది. నువ్వు ఆగితే ఊఁ అంటాను. గొంతు పైకి లేస్తే అలాగా అంటాను. నువ్వు నవ్వినట్టు అనిపిస్తే మంచిది అంటాను.

పడ్డానని చెప్పేటప్పుడు నువ్వు నవ్వి ఉంటావక్కా. నీకా అలవాటు ఉంది. బావ పోయిన రోజున కూడా వచ్చినవాళ్లందరికీ నవ్వుతూనే కుర్చీలు వేశావు.

ఆ కంపెనీ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆడగొంతు అని మాత్రం తెలిసింది. నువ్వే వేరే ఫోన్ నుంచి చేశావనుకున్నాను. అందుకే అన్నిటికీ ఊఁ అన్నాను. "అండీ" ఎందుకన్నానో నాకే తెలియదు, ఏదో అనుమానం వచ్చి ఉంటుంది. గమ్ము ఆయన ఏమన్నాడో నీకు రాయనన్నాను కదా. నాకు తెలిస్తే కదా రాయడానికి! అందరూ నవ్వితే నేనూ నవ్వాను. బెల్లు పరీక్షలో కూడా ఎదురుగా ఉన్న ఆయన మొహం చూసే మిషన్ ఆపాను.

చెవి మిషన్ ప్రకటన నీకోసం వచ్చింది కాదు, నాకోసం వచ్చింది. చెవి గురించి ఫోన్‌లోనే వెతికాను. శబ్దం చివరిదాకా పెంచి మాట్లాడతాను. ఆ తెల్లజుట్టు ఆవిడ నాకు రెండేళ్లుగా కనిపిస్తోంది. నేను ఫోన్‌లో మాట్లాడేది నీ ఒక్కదానితోనే కాబట్టి నీకూ చూపించి ఉంటాడు. నేను ఎవ్వరికీ చెప్పని సంగతి వాడికి తెలిసింది. నీకు తెలియలేదు. ఇందుకే నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే ఫ్యాక్టరీలో మిషన్ మీద ఉంచరు. అది ఒక భయం. దాని కన్నా పెద్దది ఇంకొకటి ఉంది. అమ్మ పనికి వెళ్లిన మధ్యాహ్నాలు నువ్వు నాకు కథ చెప్పేదానివి. ఊఁ కొట్టకపోతే ఆపేస్తానని బెదిరించేదానివి. కళ్లు మూతలు పడిపోతున్నా ఊఁ అంటూనే ఉండేవాణ్ని. కథ కోసం కాదు. నీ గొంతు ఆగిపోతే ఇల్లు నిశ్శబ్దమైపోతుందని. ఇప్పుడూ అంతే. వినపడటం లేదని చెబితే నువ్వు ఫోన్ మానేస్తావు. చెవిటివాడికి ఫోన్ ఎవరు చేస్తారు? వారానికి ఒక అరగంట, అర్థం కాకపోయినా నీ గొంతు నా చెవిలో ఉండేది. దాన్ని నిలబెట్టుకోవడానికి నాకు తెలిసినది ఊఁ ఒక్కటే.

ఉత్తరాలు రాయమన్నది కోపంతోనే. కానీ నీ మొదటి ఉత్తరం రాగానే గదిలో కూర్చుని చదివి ఏడ్చాను. రెండేళ్ల తర్వాత నువ్వు చెప్పింది మొత్తం నాకు అందింది. ఇస్త్రీపెట్టెల సంగతి, దీపం సంగతి, అన్నీ.

సోమవారం ఆ భద్రత ఆఫీసర్ దగ్గరికి నేనే వెళ్లి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. అట్ట మీద కాగితం తిప్పి నాకు కనిపించేలా పెద్ద అక్షరాలతో రాశాడు, "ముందే చెప్పాల్సింది" అని. ఇప్పుడు గోడౌన్‌లో పెట్టెల కట్టలు కడుతున్నాను. అక్కడ బెల్లు లేదు. మాట్లాడేవాళ్లూ లేరు. డాక్టర్ ఎడమ చెవికి మిషన్ రాశాడు. కొలతలు తీసుకున్నారు. రెండు నెలలు పడుతుందట, పెట్టుకున్నా ఫోన్‌లో మాట ఏ మాత్రం తెలుస్తుందో చెప్పలేనన్నాడు.

ముప్పై ఐదో కాగితంలో అడిగావే, దానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. రా అక్కా. నెల కాదు, ఎన్నాళ్లు ఉండాలనిపిస్తే అన్నాళ్లు ఉండు. ఒకటే గది. మిషన్ కిటికీ పక్కన పడుతుంది, కొలిచి చూశాను. నీ ఇష్టం. కోపం తగ్గకపోతే ఆ సంగతైనా ఒక ముక్క రాయి.

దెబ్బ ఎక్కడ తగిలింది? ఇప్పుడెలా ఉంది?

నీ
వాగుడుకాయ

*

ఏప్రిల్ 20

ఒరేయ్ నా వెర్రి నాయనా,

దెబ్బ తుంటి మీద తగిలింది. తగ్గిపోయింది. అవును, నవ్వుతూనే చెప్పాను. నువ్వు కంగారు పడతావని.

ఉత్తరం వరండాలో మిషన్ ముందు కూర్చుని చదివాను. ఎవరిదో కోటుకి అస్తరు మారుస్తున్నాను. చదివాక పది నిమిషాలు కుట్టి చూస్తే తిరగేసి కుట్టాను. కుట్టిందంతా విప్పాను.

నిన్ను ఎన్ని మాటలన్నాను! "చెవిలో సీసం పోసుకున్నావా" అని ఆ కాగితాల్లో రెండుచోట్ల ఉంది. దానికీ ఊఁ అన్నావు.

ఉచితం ఫోన్‌లోకే మళ్లీ వచ్చేశాను. తెరవగానే ఆ తెల్లజుట్టు ఆవిడే. ఈసారి తిట్టలేదు. ఆవిడ ఏడాది పాటు ప్రతి ఆదివారం నాకు చెబుతూనే ఉంది, మీవాళ్ల మాట అని. నేనే నా గురించి అనుకున్నాను. వాడు మనల్ని అమ్ముకున్నాడు, వీడు మనల్ని కొనుక్కున్నాడు. నీకు ఏమైందో నన్ను అడగమని మాత్రం ఇద్దరూ చెప్పలేదు. అడగాల్సింది నేనే. అక్కని నేను. "ఇంకేంటి రా, ఇంకేంటి" అన్నానే గానీ, ఎలా ఉన్నావని అడిగి జవాబు కోసం ఆగలేదు. ఆ నలభై ఒక్క కాగితాలూ మళ్లీ చదివితే అదే కనిపించింది.

వస్తాను. ఒప్పుకున్న కుట్టుపని చేతిలో ఉంది, జూన్ దాకా పడుతుంది. అప్పటిదాకా ఒక పని చేద్దాం. నువ్వు కాదనకు.

మే మూడో తేదీ ఆదివారం, పదింటికి, ఈసారి నువ్వు ఫోన్ చెయ్యి. నువ్వే మాట్లాడు. గోడౌన్ గురించి చెప్పు, గమ్ము ఆయన గురించి చెప్పు, రెండేళ్లుగా మింగేసినవన్నీ చెప్పు. నోరు నొప్పి పుట్టేదాకా వాగు. ఊఁ కొట్టడం ఇకనుంచి నా వంతు. ఊఁ మరీ చిన్న చప్పుడు, నీ దాకా రాదని నాకు తెలుసు. అయినా కొడతాను. ఫోన్ మీద నిమిషాలూ సెకన్లూ కదులుతుంటాయి చూడు, అవి కదులుతున్నంతసేపూ నేను అవతల ఉన్నట్టు. నువ్వు ముందు పెట్టేదాకా నేను పెట్టను.

వాళ్లు విన్నా సరే. విని ఇంకో నాలుగు చెవి మిషన్లు చూపించుకోనీ.

నిన్ను వినాల్సిన
అక్క

*

మే 4

వాగుడుకాయా,

యాభై రెండు నిమిషాలు! గమ్ము ఆయన కూతురి పెళ్లి సంగతి రెండుసార్లు చెప్పావు. రెండుసార్లూ నవ్వాను. గొంతు మాత్రం మరీ పైకి పెడుతున్నావు, వరండాలో పక్కవాళ్లు కూడా విన్నారు. ఉచితంగానే.

మధ్యలో మూడుసార్లు ఆగి, "అక్కా, ఉన్నావా?" అని అడిగావు. అడిగి, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టావు. మూడుసార్లూ నేను జవాబు చెప్పాను. నీకు చేరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఊఁ.

ఊఁ.

ఊఁ.

అక్క